మా చెల్లెలి పడవ నడి చెరువులో ఎందుకు ఆగేది

మా చెల్లెలు ఒకచోట కుదురుగా ఉండగా చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చుంటే సగంలో లేచి కిటికీ రెక్క సరిచేసి వస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే మన చొక్కా గుండీ వదులుగా ఉందేమోనని లాగి చూస్తుంది. వదులుగా లేకపోతే ఆ లాగుడుకి వదులవుతుంది. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ బొంగరం అని పిలిచేవాళ్ళం. జుట్టు నెరిసినా ఆ పేరు పోలేదు.

నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే ఈ కథలో మీకేం పనండీ అని అడుగుతారు. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే మోటార్లు చుట్టే పని పట్టుకున్నాను. నూలు మిల్లులో పెద్ద మోటారు కాలిపోతే, అమ్మినవాళ్ళు వచ్చి చూసి ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. నేను విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి ఇచ్చాను. మిల్లు మూసేసిన రోజు దాకా అది తిరిగింది. ఆసుపత్రి లిఫ్టు, మంచినీళ్ళ పంపు, ఐసు ఫ్యాక్టరీ కంప్రెసరు, అన్నీ ఈ చేతుల మీదుగా వెళ్ళినవే. గొప్పకి చెప్పుకోవడం కాదు. ఉన్నది చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

ఆ కొట్టులోనే మా చెల్లెలు పెరిగింది. తెగిన తీగ ముక్కలు ఏరి వేళ్ళకు ఉంగరాలు చుట్టుకునేది. సైకిలు డైనమో విప్పి మళ్ళీ బిగించినప్పుడు దానికి పదేళ్ళు కూడా లేవు. బిగించాక రెండు మరలు మిగిలాయి. "ఇవెక్కడివే?" అంటే "చేసినవాడు ఎక్కువ పెట్టాడు అన్నయ్యా, లేకపోయినా వెలుగుతోంది" అంది. నిజంగానే వెలిగింది.

పెళ్ళయ్యాక వైర్ల ఫ్యాక్టరీలో చేరింది. కారులో, లారీలో దీపాల దగ్గర్నుంచి హారను దాకా పోయే వైర్లన్నిటినీ జడలా కట్టి పంపే ఫ్యాక్టరీ అది. వైరు కొసకు చిన్న లోహపు ముక్క తొడిగి మిషనుతో నొక్కడం ఆమె పని. నొక్కిన ప్రతి ముక్కనూ చేత్తో గట్టిగా లాగి చూడాలి. ఊడి వస్తే చెత్తబుట్టలోకి, ఊడకపోతే ముందుకు. అలా లాగి లాగి ఆమె బొటనవేళ్ళు కాయలు కాశాయి. ఆ మిషన్ల వరుసకు పెద్దగా నిలబడిన మొదటి ఆడమనిషి మా చెల్లెలే. ఎంతమందికి పని నేర్పిందో ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి అడగండి, సగం మంది చేతులెత్తుతారు. మా చెల్లెలి చెయ్యి దాటిన జడ ఒక్కటీ వాపసు రాలేదని మేనేజరు మైకులో చెప్పాడు. నేను ఆ సభలో రెండో వరుసలో కూర్చుని విన్నాను.

తర్వాత కొత్త మిషన్లు వచ్చాయి. వాటికి కెమెరా కళ్ళు. చెల్లెలిని వరుస మీంచి తీసి తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పచ్చ దీపం వెలిగితే వైరు బాగున్నట్టు, ఎర్రది వెలిగితే బాగాలేనట్టు.

"గౌరవంగా కూర్చోబెట్టారు కదే" అన్నాను.

"దీపాన్ని చూడటానికి మనిషెందుకన్నయ్యా? ఇంకో దీపం పెడితే అదే చూసుకుంటుంది" అంది. చేతిలో నా టేబులు ఫ్యాను వైరు ఉంది. లాగి చూస్తోంది.

ఆ రోజుల్లోనే ఒక సెలవు దినం మొగుడూ పెళ్ళాలు పార్కు చెరువు చుట్టూ నడుస్తున్నారు. మా బావ బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. పొయ్యి ముందు నిలబడేవాడు కాబట్టి తొందర తెలియదు. గట్టు మీద రిమోటు పడవల పోటీ జరుగుతోంది. ఒకాయన తన పడవ మూత తీసి లోపల సర్దుకుంటున్నాడు. పళ్ళ డాక్టరు, ఆ పడవల సంఘానికి కార్యదర్శి కూడా. మా చెల్లెలు వంగి చూసింది.

"ఈ వైర్లు ఎవరు కట్టారండీ?"

"నేనేనండి. ఏం?"

"ఏం లేదు. పన్ను నొప్పొస్తే మీ దగ్గరికి రాకూడదని తెలిసింది."

బావ ఆమె చీర కొంగు పట్టుకుని వెనక్కి లాగాడట. డాక్టరు మాత్రం పగలబడి నవ్వాడు. "అయితే మీరు కట్టి చూపించండి" అన్నాడు. అంతే. ఆ వారం తిరిగేసరికి వంటింటి బల్ల మీద ఒక పడవ ఉంది.

పడవ అంటే పిల్లల బొమ్మ అనుకునేరు. మనిషి చెయ్యి చాపినంత పొడుగు. నీళ్ళ మీద మోటారుసైకిలును దాటిపోతుంది. కడుపులో ఇటుకల్లాంటి బ్యాటరీలు రెండు, వేగాన్ని అదుపు చేసే కంట్రోలరు ఒకటి, దాని నుంచి మోటారుకు మూడు వైర్లు. ఆ వైర్లలో పారే కరెంటు వెల్డింగు మిషను మింగేంత. గిన్నెంత మోటారుకు అంత కరెంటా అని నేనే నమ్మలేదు. డాక్టరు మీటరు పెట్టి చూపించాక నమ్మాను, ఇక అక్కడి నుంచి వైరు సంగతి నా చేతిలోకి తీసుకున్నాను.

చెల్లెలు మొదట ఇళ్ళలో గోడలకు వేసే రాగి వైరు తెచ్చింది. "బిరుసు తీగ పనికిరాదు" అన్నాను. పడవ అలల మీద ఎగిరెగిరి పడుతుంది. బిరుసు తీగ అతుకు దగ్గర విరుగుతుంది. వెంట్రుకల్లాంటి సన్నని పోగులు వందల కొద్దీ ఉండి, పైన వేడికి కరగని సిలికాన్ తొడుగు ఉన్నది కావాలి. పెన్సిలంత లావుది ఎంచాను. లావు పెరిగితే వేడి తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. వంటింటి తక్కెడలో ఒక్కో ముక్కా తూచి, వేలెడు కోసి, మళ్ళీ తూచి, మళ్ళీ కోసి, మా చెల్లెలు ఆ తక్కెడను బావకు ముట్టనివ్వలేదు. ఇంట్లో బిగుతుగా మిగిలినవి నా పళ్ళే, వాటి మీద దీని కన్ను పడకుండా నోరు మూసుకుని తిరుగుతున్నాను అన్నాడు ఆయన.

పడవ మూతి నీళ్ళ మీంచి లేస్తోందని ఒకసారి బ్యాటరీలను ముందుకు జరిపి, వాటి వైర్లను జానెడు పొడుగు చేసింది. రెండో చుట్టులోనే కంట్రోలరు లోంచి పొగ వచ్చింది. డాక్టరు చూసి చెప్పాడు: బ్యాటరీకీ కంట్రోలరుకూ మధ్య వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత క్షేమం, పొడుగైతే కంట్రోలరు లోపలి కెపాసిటర్లు కరెంటు కుదుపులను తట్టుకోలేవు, పెంచాల్సి వస్తే మోటారు వైపు పెంచుకోవాలి. ఇది నాకు కొత్త. మేము చుట్టిన పెద్ద మోటార్లకు ఆ బాధ లేదు. విన్న రోజే బుర్రకెక్కించుకున్నాను. నేర్చుకోవడానికి నామోషీ పడి ఉంటే ఐదో తరగతి వాణ్ణి ఐదో తరగతిలోనే ఉండేవాణ్ణి.

వైర్లను కలపడానికి బుల్లెట్ కనెక్టర్లని వస్తాయి. బంగారు పూత వేసిన చిన్న పుల్ల ఒకటి, అది దూరే గొట్టం ఒకటి. పుల్లకు స్ప్రింగులా విచ్చుకునే రేకులుంటాయి. ఆ రేకుల పట్టులోనే ఉంది సంగతంతా. చెల్లెలు ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ వాటిని నొక్కి బిగించబోయింది. పల్చటి ఇత్తడి, పగిలింది.

"సీసం పోసి అతకాలే. నొక్కితే నిలవదు" అన్నాను.

"సీసమా? మా ఫ్యాక్టరీలో సీసం ముట్టుకున్నవాళ్ళని గేటు బయటికి పంపిస్తారు."

"మీ ఫ్యాక్టరీలో పడవలు చేస్తారా?"

మూతి ముడుచుకుంది, కానీ నేర్చుకుంది. సీసం కరిగించే కాడల్లో పెద్దది తీసుకుని ముందు కనెక్టరును కాల్చాలి, వైరును కాదు. సీసం కరగగానే వైరు ముంచి వెంటనే తప్పుకోవాలి. ఆలస్యమైతే సీసం తొడుగు లోపలికి పాకి మెత్తని వైరు కర్రపుల్ల అవుతుంది. మూడో అతుకుకే నా అతుకుకీ దాని అతుకుకీ తేడా చెప్పలేకపోయాను. ఇంకొకరిని గురించి ఈ మాట నేను అనలేదు.

ఆ పడవ పెద్ద తరగతిలో దిగింది. పెద్ద తరగతి అంటే అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగే పడవలు. మొదటి పోటీలోనే రెండో స్థానం. ఫ్యాక్టరీలో కుర్చీ మీద కూర్చున్న మనిషి గట్టు మీద నిలబడి రిమోటు తిప్పుతుంటే ముఖం వేరేగా ఉండేది. భుజాలు కూడా పడవతో పాటు మలుపు తిరిగేవి.

తర్వాత పడవ ఆగడం మొదలైంది. మూడు చుట్లు గాలిలా పోయేది. ఉన్నట్టుండి మోటారు తడబడేది, గుర్రుమనేది, నడి చెరువులో నిలిచిపోయేది. తెడ్ల పడవ వేసుకుని ఒకాయన వెళ్ళి తీసుకురావాలి. అంతదాకా అందరి పోటీ ఆపాలి. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే ఏ జబ్బూ ఉండేది కాదు, చక్కగా తిరిగేది. మళ్ళీ చెరువులో దింపితే మళ్ళీ అదే. తెడ్ల ఆయనకు అలవాటైపోయి "అమ్మా, ఇవాళ ఎన్నో చుట్టులో రమ్మంటారు? టీ తాగి వస్తాను" అనడం మొదలుపెట్టాడు.

డాక్టరు మంచివాడే. కానీ మిగతావాళ్ళు గొణుగుతున్నారు. ఒకరోజు చెప్పేశాడు: "చివరి పోటీలో కూడా మధ్యలో ఆగితే వచ్చే ఏడాది మిమ్మల్ని పెద్ద తరగతిలోకి తీసుకోలేనమ్మా. చిన్న పడవల్లో ఆడుకోండి."

ఇంటికి వచ్చి నాతో ఒక్క మాటే అంది. "అక్కడ కుర్చీ. ఇక్కడ చిన్న పడవా, అన్నయ్యా?"

ఆ పోటీ ముందు రోజుల్లో వాళ్ళింట్లో నిలబడటానికి చోటు లేదు. మోటారు మార్చింది. ప్రొపెల్లరు మార్చింది. నీళ్ళతో చల్లబరిచే గొట్టం మార్చింది. బ్యాటరీలు డాక్టరువి అరువు తెచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా మూత తీసేది. ప్రతి కనెక్టరునూ లాగి, ఊడదీసి, చూసి, మళ్ళీ గుచ్చేది. పడుకోబోయే ముందు ఇంకోసారి. పొద్దున్నే ఇంకోసారి. అన్నీ మార్చింది గానీ కనెక్టర్లు మార్చలేదు. రోజూ లాగి చూస్తున్నవాటి మీద అనుమానం ఎందుకు వస్తుంది?

బావ వచ్చి నన్ను పిలిచాడు. "నువ్వొచ్చి ఒకసారి చూడు బావా. అది పడవను బాగుచేస్తోందో, పడవ దాన్ని పాడుచేస్తోందో నాకు అర్థం కావడంలేదు."

ఆ సాయంత్రం ముగ్గురం చెరువుకు వెళ్ళాం. పడవ దింపింది. మూడు చుట్లు బాగానే తిరిగింది. నాలుగో దానిలో తడబడి ఆగింది. తెడ్ల ఆయన టీ గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళి తెచ్చాడు. చెల్లెలు అలవాటు ప్రకారం మూత తీసి అన్ని కనెక్టర్లూ పీకబోయింది.

"ఆగు. బ్యాటరీ మాత్రం తియ్యి. మిగతావి ముట్టుకోకు" అన్నాను.

"చూడాలి కదా!"

"నేను చూస్తాను. నువ్వు చేతులు కట్టుకో."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. లోడు మీద నడిచిన మోటారును ఆపగానే, చల్లారకముందే, ఒక్కో అతుకు మీదా వేలి వెనక భాగం ఆనించాలి. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడ జబ్బు. చెల్లెలు ప్రతిసారీ ముందు అన్నీ పీకేసేది; గుచ్చి మళ్ళీ చూసేసరికి వేడి పోయేది, పుల్ల కొత్తగా కూర్చునేది, పడవ బాగున్నట్టే కనిపించేది. నేను వేలు ఆనించాను. మోటారుకు వెళ్ళే మూడు వైర్లలో రెండు వెచ్చగా ఉన్నాయి. మూడోది తగలగానే చెయ్యి వెనక్కి తీశాను. తొడుగు కోసి చూస్తే లోపల సీసం మెత్తబడి వైరు పక్కకు ఒరిగింది. కనెక్టరును పట్టుకుని ఇలా లాగానో లేదో, వదులైన ఉంగరంలా జారి వచ్చింది.

"అతుకు ఊడిందా?" అంది.

"అతుకు బంగారంలా వేశావు. పుల్లకున్న రేకులు చూడు. అణిగిపోయాయి. పట్టు లేదు. పట్టు లేని చోట కరెంటు ఇరుక్కుని కాలుతుంది, ఆ వేడికి సీసం కరుగుతుంది."

"కొత్తవే కదా అన్నయ్యా!"

"కొత్తవే. రోజుకెన్నిసార్లు పీకి గుచ్చావు?"

బావ చెరువు కేసి తిరిగి దగ్గాడు.

"ఫ్యాక్టరీలో ఒక వైరును ఒక్కసారి లాగుతావు. అది లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. నువ్వు మళ్ళీ చూడవు" అన్నాను. "ఇది ఎక్కడికీ పోదు. నీ దగ్గరే ఉంటుంది. నువ్వు లాగుతూనే ఉంటావు. దీన్ని అరగదీసింది చెరువు కాదు."

బ్యాటరీ వైపు కనెక్టరు ఇంకా ఘోరంగా ఉంది. తగిలించిన ప్రతిసారీ చిటుక్కుమని నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వలకు పుల్ల మొన నల్లగా గుంటలు పడింది.

మర్నాడు నా కొట్లో కూర్చున్నాం. బ్యాటరీకి రవ్వ లేవకుండా చేసే కొత్త రకం కనెక్టర్లు వేశాం. మోటారు వైపు మూడు వైర్లకూ అసలు కనెక్టర్లే వద్దన్నాను. పోగుల్లో పోగులు దూర్చి, సీసంతో నేరుగా అతికేద్దామన్నాను.

"కనెక్టరు లేకుండానా? మరి విప్పాలంటే?"

"విప్పక్కర్లేకుండా ఉండటానికే."

"లాగి చూడాలంటే?"

"ఇప్పుడు లాగు. ఎంత బలముంటే అంత పెట్టు. దీనికి ఇదే ఆఖరు."

మూడు అతుకులు నేనే వేశాను. చెల్లెలు ఒక్కోదాన్నీ పిడికిలి బిగించి, మెడ నరాలు తేలేలా లాగింది. కదల్లేదు. వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. నల్లగా, నున్నగా, విప్పడానికి మొదలూ కొసా లేకుండా తయారైంది. మా చెల్లెలు దాన్ని పక్కింటివాళ్ళ బిడ్డను చూసినట్టు చూసింది.

పోటీ రోజు గాలి ఎక్కువగా ఉంది. అలలు తగ్గేదాకా ఆగమన్నారు. చెల్లెలు పడవను ఒళ్ళో పెట్టుకుంది, కింద పెట్టింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. మూత మీది టేపు కొస గోటితో లేపింది. నేను చూశాను. అదిమేసింది.

"ఒక్కసారి చూసి మూసేస్తాను."

"వద్దు."

"చూడ్డమేగా, లాగను."

"నీ చూడ్డం నాకు తెలుసు."

బావ రొట్టెల సంచి తెరిచి "కావాలంటే దీన్ని పీకు" అని బన్ను చేతిలో పెట్టాడు. తినలేదు. చిన్న చిన్న ముక్కలు చేసి సంచిలోనే పోసింది. ఆఖరికి పడవను నా చేతుల్లో పెట్టి చెరువు గట్టున నడవడం మొదలుపెట్టింది. పోతూ వెనక్కి చూస్తోంది. ఆ చివరి దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పిలుపు వచ్చేసరికి ఆ చివర ఉంది; పరుగెత్తుకుంటూ వచ్చింది.

బ్యాటరీ తగిలించడం ఆమె పనే. టేపు తీసి, మూత ఎత్తి, కనెక్టరు లోపలికి నెట్టింది. రవ్వ లేవలేదు. వేళ్ళు దాన్ని వదల్లేదు. బొటనవేలు, చూపుడువేలు కనెక్టరు మీద బిగిసి ఉన్నాయి, లాగడానికి సిద్ధంగా. ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి చేసిన పని అది. చెయ్యి తనంతట తానే చేసేస్తుంది. డాక్టరు అటువైపు నుంచి "అమ్మా, దింపండి!" అని అరుస్తున్నాడు. నేను ఏమీ అనలేదు. అంటే కోపంతో లాగేది.

వేళ్ళు వదిలాయి. మూత మూసింది. టేపు ఒత్తి ఒత్తి అంటించింది.

ఆరు పడవలు బయల్దేరాయి. మొదటి మలుపులోనే ఒకటి బోర్లాపడింది. మనది మధ్యలో ఉంది. అల తగిలి ఒకసారి మొత్తం గాలిలోకి లేచి పడ్డప్పుడు బావ నా భుజం పట్టుకున్నాడు. మూడో చుట్టు అయింది. నాలుగోది మొదలైంది. చెల్లెలు రెప్ప వెయ్యడంలేదు. ఎప్పుడూ తడబడే చోటికి రాగానే మోటారు చప్పుడు మారుతుందేమోనని ముగ్గురం చెవులు రిక్కించాం. మారలేదు. ఐదోది. ఆరోది. తెడ్ల ఆయన తన పడవలోంచి లేచి నిలబడి చూస్తున్నాడు. జెండా ఊపేసరికి మనది నాలుగో స్థానంలో, పూర్తి వేగంతో గీత దాటింది.

డాక్టరు వచ్చాడు. "అయితే వచ్చే ఏడాది కూడా ఇదే గట్టు మీద మీతో మాటలు పడాలన్నమాట" అన్నాడు. మా చెల్లెలికి ఆ మాట విని సంతోషించే తీరిక లేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవను ఎత్తుకుని వచ్చింది. బ్యాటరీ తీసేసి "అన్నయ్యా, నువ్వు చూడు. తొందరగా, చల్లారిపోతుంది" అంది.

మూడు అతుకుల మీదా వేలి వెనక భాగం ఆనించాను.

"వెచ్చగా ఉన్నాయి."

"ఎంత వెచ్చగా? మూడూ ఒకలాగేనా? సరిగ్గా చెప్పు."

"నువ్వే చూసుకో."

వేలు మడిచి, నేను చేసినట్టే, ఒకదాని తర్వాత ఒకటి ఆనించింది. కాసేపు ఆనించే ఉంచింది. లాగలేదు.

"ఇంకాస్త పెద్ద ప్రొపెల్లరు వేస్తే ఆ కరెంటు కూడా తట్టుకుంటాయి కదూ?" అంది, చీర కుచ్చెళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా.

"తట్టుకుంటాయి" అన్నాను. "అతుకులు వేసింది ఎవరనుకున్నావు?"